మే నెల ఎండలో టర్బో కారు ఇంటర్‌కూలర్ మీద నీళ్లు స్ప్రే చేస్తే లాభం ఉంటుందా?

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ కారులో వచ్చిపోయే ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ బండి, 120 హార్స్‌పవర్, కొని నాలుగేళ్లయింది. పొద్దున ఎనిమిదింటికి బాగా లాగే బండి, మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో కాజ టోల్‌గేట్ దాటాక ఎంత తొక్కినా బద్ధకంగా కదులుతోందట. వైపర్ నీళ్ల మోటారు ఒకటి, డ్రిప్ సామాన్ల షాపులో నీళ్లను మంచులా చిమ్మే ఫాగర్లు నాలుగు కొన్నారు. డిక్కీలో ఐదు లీటర్ల డబ్బా పెట్టి, ముందు బంపర్ లోపలున్న ఇంటర్‌కూలర్ మీద, అంటే టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచే జాలీ మీద, నీళ్లు చల్లాలని ఆలోచన. "రెండు వేలలో అయిపోతుంది, చేయొచ్చా? నీళ్లలో కొంచెం స్పిరిట్ కలిపితే ఇంకా చల్లబడుతుందని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?" అని అడిగారు.

చేయొచ్చు, పనిచేస్తుంది కూడా. కానీ మీరు అనుకున్నంత లాభం రాదు, మీరు కొన్న సామానుతో అసలు రాదు. స్పిరిట్ మాత్రం చుక్క కూడా కలపకండి. ఇంకో మాట. మీరు చెప్పిన లక్షణాలు చూస్తుంటే స్ప్రే లేకపోవడం కాదు, ఇంటర్‌కూలర్‌కి గాలి సరిగ్గా అందకపోవడమే మీ సమస్య అని నాకు గట్టి అనుమానం. ముందు అది తేల్చుకోండి, స్ప్రే సంగతి తర్వాత.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. మొదట్లో అన్నీ టర్బో డీజిల్ బండ్లే వచ్చేవి, ఈ మధ్య చిన్న టర్బో పెట్రోల్ బండ్లు ఎక్కువయ్యాయి. ఇలాంటి స్ప్రేలు నా చేత్తో పదో పన్నెండో బిగించి ఉంటాను. వేరేచోట బిగించినవి పాడైపోయి నా దగ్గరికి వస్తే విప్పినవి అంతకంటే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు టర్బోలో ఏం జరుగుతోందో చూడాలి. సైకిల్ పంపు నాలుగైదు సార్లు గట్టిగా కొట్టి, కింది భాగాన్ని పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది కదా. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. టర్బో చేసేది అదే పని, చాలా వేగంగా. బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు 1 బార్ బూస్ట్ అంటే గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కడం. టర్బో కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్కేస్తే, దాని నోట్లోంచి బయటికొచ్చే గాలి దాదాపు 140 డిగ్రీలు ఉంటుంది. ఇంటర్‌కూలర్ ఆ అదనపు 98 డిగ్రీల్లో 70 శాతం లాగేసిందనుకోండి, ఇంజన్‌లోకి వెళ్లేది ఇంకా 71 డిగ్రీల గాలి. పొద్దున 28 డిగ్రీలప్పుడు ఇదే లెక్క వేస్తే 56 దగ్గర ఆగుతుంది.

వేడి గాలి పలచగా ఉంటుంది, కాబట్టి అందులో ఆక్సిజన్ తక్కువ. పెట్రోల్ ఇంజన్‌కి దీనికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. లోపలికొచ్చే గాలి వేడిగా ఉంటే నాకింగ్ వస్తుంది, అంటే స్పార్క్ అంటించిన మంట చేరకముందే మిగతా పెట్రోల్ తనంతట తానే పేలుతుంది. అది రాకుండా ఇంజన్ కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, అవసరమైతే బూస్ట్ కూడా తగ్గిస్తుంది. మీ కాలికి తెలుస్తున్న బద్ధకంలో ఎక్కువ భాగం ఇదే. మధ్యాహ్నం ఏసీ కంప్రెసర్ కూడా ఆగకుండా తిరుగుతుంది కాబట్టి ఆ బరువు దానికి తోడు. అంటే పొద్దుటికీ మధ్యాహ్నానికీ కొంత తేడా ఏ టర్బో బండిలోనైనా ఉంటుంది. ఆ కొంత దాటి తేడా కనిపిస్తోందా అన్నదే చూడాల్సింది.

ఇప్పుడు నీళ్ల సంగతి. చాలామంది అనుకునేది ఏంటంటే, చల్లని నీళ్లు పోస్తే వేడి వస్తువు చల్లబడుతుంది, అంతే అని. అసలు బలం నీళ్ల చల్లదనంలో లేదు, ఆవిరి కావడంలో ఉంది. ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4.2 కిలోజౌల్స్ చాలు. అదే కిలో నీళ్లు మన ఎండాకాలపు వేడిలో ఆవిరి కావాలంటే 2,400 కిలోజౌల్స్ పీల్చుకుంటాయి. దాదాపు 570 రెట్లు. కుండలో నీళ్లు చల్లబడేదీ, మన పెద్దవాళ్లు మధ్యాహ్నం వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చిలకరించేదీ ఈ సూత్రం మీదే.

కొంతమంది డబ్బాలో ఐస్ ముక్కలు వేస్తామంటారు. 40 డిగ్రీల నీళ్ల బదులు 0 డిగ్రీల నీళ్లు కొడితే అదనంగా వచ్చే లాభం కిలోకి 168 కిలోజౌల్స్. ఆవిరి వల్ల వచ్చే 2,400తో పోలిస్తే 7 శాతం. దానికోసం రోజూ ఐస్ కొనడం దండగ. డిక్కీలో డబ్బా వేడెక్కుతోందని కూడా బెంగ పెట్టుకోకండి.

ఇక్కడే మన ఊళ్ల వాతావరణం మెలిక పెడుతుంది. నీళ్లు ఎంత తొందరగా ఆవిరవుతాయన్నది గాలి ఎంత పొడిగా ఉందన్న దాని మీద ఉంటుంది. మీ ఇంట్లో ఎయిర్ కూలర్ ఉంటే మీకు ఇది ముందే తెలుసు. పడమటి గాలి భగభగమని వీచే మే మధ్యాహ్నం కూలర్ హాయిగా ఉంటుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైందంటే అదే కూలర్ ఒళ్లంతా జిడ్డు చేస్తుంది తప్ప చల్లబరచదు. ఇంటర్‌కూలర్ స్ప్రే కూడా అంతే.

రోహిణి కార్తెలో 42 డిగ్రీల వేడి, గాలిలో తేమ 30 శాతం ఉన్న రోజు అనుకుందాం. ఆ గాలిని నీటితో పూర్తిగా తడిపితే 27 డిగ్రీల దాకా దిగుతుంది. అంటే ఇంటర్‌కూలర్ ముందుకొచ్చే గాలి 42 బదులు 27 అయినట్టు. పై లెక్క ప్రకారం ఇంజన్‌లోకి పోయే గాలి 71 నుంచి 61కి వస్తుంది. పది డిగ్రీలు. సాంద్రతలో 3 శాతం లాభం, టైమింగ్ వెనక్కి పోవడం తగ్గుతుంది కాబట్టి కాలికి తెలిసేది ఇంకాస్త ఎక్కువ. అదే వానాకాలం మొదలయ్యాక 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున గాలి దిగేది 30 దాకానే. లాభం మూడు డిగ్రీలు. ఇంటర్‌కూలర్ వేడి ఫిన్స్ (పలచటి అల్యూమినియం రేకులు) మీద పడ్డ నీళ్లు తేమ రోజున కూడా కొంత ఆవిరవుతాయి కాబట్టి సున్నా అనను. కానీ ఆ మూడు డిగ్రీల కోసం బంపర్ విప్పమని నేను ఎవరికీ చెప్పను.

పై పది డిగ్రీలు కూడా కాగితం మీద లెక్క. నీళ్లన్నీ సన్నటి మంచులా విడిపోయి, ఇంటర్‌కూలర్ మొహమంతా సమానంగా తడిస్తే వచ్చేది. చేత్తో బిగించిన వాటిలో నేను చూసింది ఐదు నుంచి ఏడు డిగ్రీలు, అదీ బాగా చేసిన వాటిలో.

ఇది పిచ్చి ఆలోచన మాత్రం కాదండి. సుబారు ఇంప్రెజా డబ్ల్యుఆర్ఎక్స్ ఎస్‌టిఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ బండ్లకు కంపెనీ నుంచే ఇంటర్‌కూలర్ నీళ్ల స్ప్రే వచ్చేది. డ్రైవర్ ముందు బటన్ ఉండేది. కానీ అవి ర్యాలీల కోసం పుట్టిన బండ్లు. నిమిషాల తరబడి ఫుల్ బూస్ట్‌లో నడిచే బండ్లు. మీరు హైవే మీద 90, 100లో నిలకడగా పోతుంటే మీ టర్బో దాదాపు ఖాళీగా ఉంటుంది, బూస్ట్ చాలా తక్కువ. ఆ వేగంలో ముందు నుంచి తగిలే గాలే ఇంటర్‌కూలర్‌కి చాలు. అప్పుడు స్ప్రే కొట్టినా మీటర్‌లో తేడా కనబడదు. ఓవర్‌టేక్ కోసం పది సెకన్లు తొక్కారనుకోండి, ఆ పది సెకన్ల వేడిని ఇంటర్‌కూలర్ అల్యూమినియమే చాలావరకు మింగేస్తుంది.

మరి స్ప్రే ఎక్కడ ఉపయోగపడుతుంది? ఐదుగురిని ఎక్కించుకుని కొండవీడు ఘాట్ రోడ్డో కోటప్పకొండో ఎక్కేటప్పుడు. బండి వేగం 30, 40 మించదు, బూస్ట్ మాత్రం నిండుగా ఉంటుంది, ముందు నుంచి గాలి తగలదు. అలాగే టోల్‌గేట్ దగ్గరో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనో పది నిమిషాలు నిలబడి, ఇంజన్ వేడంతా ఇంటర్‌కూలర్‌కి పట్టాక బయల్దేరేటప్పుడు. ఇంజన్ పైన, బానెట్ కింద ఇంటర్‌కూలర్ ఉండే బండ్లలో ఇది బాగా తెలుస్తుంది. బానెట్ మీద గాలి నోరు ఉండే పాత ఫార్చ్యూనర్ 3.0 డీజిల్ లాంటివి. మీ బండిలో ఇంటర్‌కూలర్ ముందు బంపర్‌లో ఉంది కాబట్టి ఆ నిలబడ్డ వేడి బాధ తక్కువ.

అందుకే మీ మాటల్లో నాకు అనుమానం వచ్చింది కాజ దాటాక కూడా బండి బద్ధకంగానే ఉందన్న దగ్గర. టోల్‌గేట్ దాటి రెండు మూడు కిలోమీటర్లు 80లో పోతే ముందు బంపర్‌లో ఉన్న ఇంటర్‌కూలర్ తేరుకోవాలి. తేరుకోవడం లేదంటే వేరే ఏదో ఉంది.

ముందు కొలవండి. ఇంజన్ కంప్యూటర్‌లోని రీడింగులు చదివే బ్లూటూత్ ఓబిడి స్కానర్ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌లో పెట్టి ఫోన్‌లో యాప్‌తో చూస్తే ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్, అంటే ఇంజన్ పీల్చే గాలి వేడి, కనిపిస్తుంది. ఒక జాగ్రత్త. కొన్ని బండ్లలో ఆ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ పక్కన, అంటే టర్బో కంటే ముందు ఉంటుంది. కొన్నిటిలో ఇంటర్‌కూలర్ తర్వాత, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) మీద ఉంటుంది. కొన్నిటిలో రెండూ ఉంటాయి. మీరు గట్టిగా తొక్కినా రీడింగ్ బయటి ఉష్ణోగ్రత దగ్గరే కదలకుండా ఉందంటే అది టర్బోకి ముందుది, దాంతో ఇంటర్‌కూలర్ సంగతి తెలియదు. తొక్కగానే పెరిగి, వదిలాక మెల్లగా దిగేదే మనకు కావాల్సింది. ఫోన్ చూస్తూ నడపకండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, లేదా యాప్‌లో రికార్డింగ్ పెట్టి ఇంటికొచ్చాక చూసుకోండి.

హైవే మీద 90లో నిలకడగా పోతున్నప్పుడు ఆ రీడింగ్ బయటి వేడి కంటే 8, 10 డిగ్రీలు ఎక్కువ ఉంటే ఇంటర్‌కూలర్ బాగానే ఉన్నట్టు. 20, 25 ఎక్కువ ఉందంటే గాలి అందడం లేదు.

రెండేళ్ల కిందట సరిగ్గా మీలాంటి కేసు ఒకటి వచ్చింది. తెనాలి నుంచి ఒకాయన, టర్బో పెట్రోల్ బండి, ఎండాకాలం లాగడం లేదు. ఆయన కూడా స్ప్రే పెట్టమనే వచ్చారు. స్కానర్ పెడితే హైవేలో బయట 39 ఉంటే లోపల 66 చూపిస్తోంది. బంపర్ విప్పాం. ఇంటర్‌కూలర్‌కి రెండు పక్కలా గాలిని దాని మీదికి మళ్లించే నల్లటి ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. అవి లేవు. అడిగితే తెలిసింది, ముందు ఏడాది చిన్న గుద్దుడుకు బంపర్ మార్చారట. మార్చినవాళ్లు ఆ పలకలు తిరిగి పెట్టలేదు, కిందుండే షీల్డ్ కూడా లేదు. గాలి ఎప్పుడూ తేలిక దారి వెతుక్కుంటుంది. పక్కన ఖాళీ ఉంటే ఇంటర్‌కూలర్ సందుల్లోంచి దూరదు, పక్కనుంచి వెళ్లిపోతుంది. కంపెనీ పలకలు తెప్పించి, అంచులకు ఫోమ్ అంటించి, కింది షీల్డ్ బిగించాం. అదే దారిలో, దాదాపు అదే ఎండలో 50 చూపించింది. పదహారు డిగ్రీలు. ఏ స్ప్రే కూడా అంత ఇవ్వదు. నీళ్లు నింపే పని లేదు, మోటారు కాలే భయం లేదు.

మీ బండికి ఎప్పుడైనా బంపర్ విప్పారా? ముందు అది చూడండి. ఆ తర్వాత ఇవి:

ఇంటర్‌కూలర్ మొహం. మన దారుల్లో వరి నూర్పిళ్లప్పుడు లేచే పొట్టు, ఊక, పురుగులు, లారీల వెనక మట్టి అన్నీ ఫిన్స్ మధ్య చేరతాయి. టార్చ్ వేసి చూస్తే అవతలి వెలుతురు కనబడాలి. కడిగేటప్పుడు కారు వాషింగ్ ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టించకండి, ఫిన్స్ వంగిపోయి దారులు మూసుకుపోతాయి. మామూలు గార్డెన్ పైపుతో, వీలైతే వెనక నుంచి ముందుకు కడగాలి.

గొట్టాల లీకు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టాల క్లిప్పులు వదులైతే బూస్ట్ బయటికి పోతుంది. టర్బో ఆ నష్టాన్ని పూడ్చడానికి ఇంకా వేగంగా తిరుగుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది. తొక్కినప్పుడు 'సుయ్' మని చప్పుడు, క్లిప్పు దగ్గర నూనె తడి ఉంటే అదే. నాలుగేళ్ల బండిలో ఇది మామూలే.

ఎయిర్ ఫిల్టర్ సంగతి విడిగా చెప్పక్కర్లేదు, మార్చి ఏడాది దాటితే మార్చేయండి.

ఇవన్నీ సరిచేశాక కూడా మీకు స్ప్రే కావాలనిపిస్తే, తప్పకుండా చేసుకోండి. కుటుంబంతో ఘాట్లు ఎక్కేవాళ్లకి, బండి మీద ఇష్టం ఉన్నవాళ్లకి అందులో ఒక తృప్తి ఉంటుంది, నేను కాదనను. కానీ సరిగ్గా చేయాలి.

వైపర్ మోటారు వద్దు. అది రెండు మూడు సెకన్లు నొక్కి వదలడానికి చేసింది. ఆగకుండా అర నిమిషం నడిపితే వేడెక్కుతుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది. పైగా దాని ఒత్తిడి చాలదు. మీరు కొన్న ఫాగర్లకి సరిగ్గా మంచులా విడిపోవాలంటే 3, 4 బార్ ఒత్తిడి కావాలి. వైపర్ మోటారుతో అవి చుక్కలు చుక్కలుగా కారతాయి. పెద్ద చుక్క ఆవిరి కాదు, ఫిన్స్ మీద నుంచి జారి రోడ్డు మీద పడుతుంది.

కొంతమంది ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ పంపు వాడదామంటారు. వాటిలో ఎక్కువ భాగం 24 ఓల్టులవి, కారుది 12. సరిగ్గా నడవదు.

మీకు గుంటూరులోనే మంచి దారి ఉంది. మిర్చి రైతులు వీపుకి తగిలించుకుని మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ చూసే ఉంటారు. అందులో ఉండేది 12 ఓల్టుల డయాఫ్రం పంపు. ఒత్తిడి బాగుంటుంది, గంటల తరబడి నడవడానికి చేసింది, నోరు మూస్తే దానంతట అదే ఆగే ప్రెజర్ స్విచ్ కూడా ఉంటుంది. స్పేర్ పార్ట్‌గా కొత్తది దొరుకుతుంది. దానికి సన్నగా గొడుగులా కొట్టే నాజిల్ కూడా అదే షాపులో అడగండి. కొత్తవే కొనండి, వాడిన స్ప్రేయర్ నుంచి తీసింది వద్దు. పురుగుమందు అవశేషం సన్నటి పొగమంచులా మీ కారు ముందు నుంచి లేచి, ఏసీ గాలితో మీ పిల్లల ముక్కుల్లోకి పోవడం నాకిష్టం లేదు.

నాజిళ్లు రెండు చాలు. నాలుగెందుకు? లెక్క చూడండి. 120 హార్స్‌పవర్ ఇంజన్ ఫుల్ లోడ్‌లో సెకనుకి దాదాపు 95 గ్రాముల గాలి పీలుస్తుంది. దాన్ని 140 నుంచి 71కి దించడానికి ఇంటర్‌కూలర్ వదిలించుకునే వేడి ఆరున్నర కిలోవాట్లు. ఆ వేడంతటినీ నీళ్లే మోయాలన్నా నిమిషానికి 165 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు. సగానికి పైగా వృథా పోతుందని వేసుకున్నా, నిమిషానికి 400 మిల్లీలీటర్లు దాటి కొట్టడంలో అర్థం లేదు. ఆ లెక్కన ఐదు లీటర్ల డబ్బా పన్నెండు నిమిషాలు వస్తుంది. ఆగి ఆగి కొడితే, అంటే ఐదు సెకన్లు కొట్టి పది సెకన్లు వదిలితే, ఇంకా మంచిది. ఒకసారి తడిసిన ఫిన్స్ ఆరే లోపల మళ్లీ కొట్టడం అనవసరం.

నాజిల్‌ని ఇంటర్‌కూలర్‌కి ముందు పది, పదిహేను సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. దగ్గరగా పెడితే ఒక్కచోటే తడుస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌కి గాలి తీసుకునే నోరు ఎక్కడుందో చూసుకోండి. చాలా బండ్లలో అది రేడియేటర్ పైనే, గ్రిల్ వెనక ఉంటుంది. మంచు అందులోకి పోతే ఫిల్టర్ కాగితం తడిసి ముద్దవుతుంది. ఆల్టర్నేటర్ మీద, వైర్ కనెక్టర్ల మీద, ముఖ్యంగా ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద నీళ్లు పడకూడదు. లైనులో ఒక నాన్-రిటర్న్ వాల్వ్ వేస్తే ఆపాక నాజిల్ కారదు, మళ్లీ నొక్కగానే వెంటనే కొడుతుంది. డబ్బా తర్వాత ఒక చిన్న ఫిల్టర్ కూడా వేయండి, లేకపోతే నాజిల్ వారానికోసారి మూసుకుపోతుంది.

ఇక నీళ్లు. ఇక్కడే ఎక్కువ మంది బండి పాడుచేసుకుంటారు. 2009లో నేను మొదటిసారి స్ప్రే పెట్టింది నా సొంత డీజిల్ బండికే. అప్పుడు షెడ్డులో ఉన్న బోరు నీళ్లే పోశాను. నెలన్నర బాగానే ఉంది, తర్వాత మెల్లగా మునుపటికంటే అధ్వాన్నంగా తయారైంది. విప్పి చూస్తే ఇంటర్‌కూలర్ మొహం మీద సున్నం వేసినట్టు తెల్లటి పొర. నీళ్లు ఆవిరైపోతాయి, అందులో ఉన్న ఉప్పు, సున్నం ఎక్కడికీ పోవు, ఫిన్స్ మీదే గట్టిపడతాయి. గీజర్ రాడ్ మీద పేరుకున్నట్టే. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు, ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. దాన్ని వదిలించడానికి షెడ్డులో ఒక కుర్రాడు బాత్రూం యాసిడ్ తెచ్చి పోశాడు. అల్యూమినియం మీద ఆ యాసిడ్ పోస్తే ఏమవుతుందో ఆ రోజు కళ్లారా చూశాను. బుస్సున పొంగి, రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. ఇంటర్‌కూలర్ మొత్తం మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎవరికి స్ప్రే పెట్టినా నీళ్ల గురించి మూడుసార్లు చెప్పి పంపిస్తాను.

ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ అన్నిటికంటే మంచిది. రోజూ కొనలేమంటే మీ ఇంటి ఏసీ నుంచి బయట పడే నీళ్లు పట్టుకోండి. అది గాలిలోని తేమే చల్లబడి నీరయింది కాబట్టి సున్నం, ఉప్పు దాదాపు ఉండవు. దుమ్ము ఉంటుంది, బట్టతో వడకట్టండి. ఆర్‌ఓ క్యాన్ నీళ్లు మూడో స్థానం. బోరు నీళ్లు వద్దే వద్దు. వారానికోసారి డబ్బా ఖాళీ చేసి కడగండి, ఆ వేడికి పాచి తొందరగా పడుతుంది.

స్పిరిట్ సంగతి. మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. స్పిరిట్ నీళ్ల కంటే తొందరగా ఆవిరవుతుంది, చేతిమీద వేసుకుంటే చల్లగా తగులుతుంది. కానీ ఆవిరయ్యేటప్పుడు కిలోకి అది పీల్చే వేడి నీళ్లు పీల్చేదాంట్లో సగం కూడా ఉండదు. పైగా అది మండుతుంది. ఇంటర్‌కూలర్ వెనకాలే ఫ్యాన్ మోటారు, ఆ వెనక ఎర్రగా కాగిన టర్బో. దాని మీదికి మండే ఆవిరిని ఫ్యాన్‌తో ఊదిస్తున్నట్టు అవుతుంది. దయచేసి ఆ ఆలోచన మానేయండి. మీ ఫ్రెండ్‌కి కూడా చెప్పండి.

వైరింగ్ గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బ్యాటరీ నుంచి నేరుగా, 10 ఆంప్స్ ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే వేసి, రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ చేసే స్విచ్) ద్వారా పంపుకి ఇవ్వండి. రిలేకి సిగ్నల్ ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే వచ్చేలా చూసుకోండి, లేకపోతే స్విచ్ మర్చిపోతే రాత్రికి రాత్రి డబ్బా ఖాళీ అవుతుంది, పంపు నీళ్లు లేకుండా తిరుగుతుంది. స్విచ్ నొక్కి పట్టుకుంటేనే పనిచేసే రకం, హారన్ బటన్ లాంటిది పెట్టండి. కంపెనీ వైర్లు కోసి అతకడం వద్దు. హెడ్‌లైట్ వైర్ నుంచి కరెంట్ లాగిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఫ్యూజ్ లేదు, టేపు ఊడి వైర్ బాడీకి తగిలింది, లోపలి వైర్ల కట్ట జానెడు కాలింది. అదృష్టం, ఆ సమయానికి ఆయన బండి పక్కనే ఉండి బ్యాటరీ టెర్మినల్ పీకేశారు. మీ బండికి వారంటీ మిగిలి ఉంటే ఇది ఇంకా ముఖ్యం. కోసిన వైర్ కనబడితే ఆ తర్వాత వచ్చే ప్రతి ఎలక్ట్రికల్ సమస్యకీ అదే కారణమంటారు.

డబ్బాని డిక్కీలో బెల్టుతో కాదు, క్లాంపుతో బోల్టు చేయండి. ఐదు కిలోల బరువు గట్టి బ్రేక్ వేసినప్పుడు గాల్లోకి లేస్తుంది.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. మీ బండి వోక్స్‌వాగన్ లేదా స్కోడా 1.0 టిఎస్‌ఐ అయితే ఈ ప్రయత్నమే వద్దు. వాటిలో ఇంటర్‌కూలర్ ఇంటేక్ మానిఫోల్డ్ లోపలే ఉంటుంది, కూలెంట్‌తో చల్లబడుతుంది. బయట నుంచి నీళ్లు కొట్టడానికి అక్కడ ఏమీ కనబడదు. వాటికి సర్వీసులో కూలెంట్ లెవెల్, ముందు రేడియేటర్ శుభ్రత చూసుకుంటే చాలు.

ఇంకొంతమంది ఇదే పంపుతో నీళ్లను ఇంజన్ లోపలికే ఇస్తే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. అది వేరే విద్య, పేరు వాటర్ ఇంజెక్షన్. బిఎండబ్ల్యు ఎం4 జిటిఎస్‌లో కంపెనీయే ఇచ్చింది. ఎప్పుడు ఎంత చల్లాలో అక్కడ ఇంజన్ కంప్యూటరే నిర్ణయిస్తుంది. చేత్తో చేసిన సెట్టింగ్‌లో ఒక వాల్వ్ ఇరుక్కుంటే నీళ్లు సిలిండర్‌లో నిండుతాయి. నీళ్లు నొక్కితే నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంటర్‌కూలర్ బయట చల్లే స్ప్రేలో తప్పు జరిగితే నీళ్లు రోడ్డు మీద పడతాయి, ఇందులో తప్పు జరిగితే ఇంజన్ విప్పాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. కొన్న మోటారు, ఫాగర్లు తిరిగిచ్చేయండి. స్కానర్ ఒకటి కొని రెండు రోజులు రీడింగ్ తీయండి. పొద్దున వచ్చేటప్పుడు మంగళగిరి దగ్గర 90 స్పీడులో ఎంత ఉంది, మధ్యాహ్నం అదే చోట అదే స్పీడులో ఎంత ఉంది, కాజ టోల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఎంత, దాటిన మూడు నిమిషాలకి ఎంత. ఆ నాలుగు అంకెలు, ఆ సమయానికి బయటి వేడి, ఏసీ ఆన్‌లో ఉందో లేదో, ఇంతకు ముందు బంపర్ విప్పారో లేదో రాసి ఇక్కడ పెట్టండి. టార్చ్ వేసి ఇంటర్‌కూలర్ ఫోటో కూడా తీయండి, పక్కల ప్లాస్టిక్ పలకలు కనబడేలా. అవి చూస్తే స్ప్రే కావాలో అక్కర్లేదో, గాలి దారి ఎక్కడ తప్పుతోందో చెప్పగలను.